అత్తయ్య పియానో మోచేతులు

జూన్ 4

అక్కకు,

మేమందరం క్షేమం, అత్తయ్య పియానో ఒక్కటే క్షేమంగా లేదు. ఈ ఉత్తరం మన కళ్ళజోళ్ళ కొట్లో కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా కొట్టు చిరునామాకే రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్ హాల్లో, అత్తయ్య కుర్చీ పక్కనే ఉంది. మోగితే చాలు, "ఎవర్రా, సుత్తేనా? ఇలా ఇవ్వు" అని లాక్కుంటుంది. నువ్వు పియానోలు బాగుచేసే పనిలో చేరిన రోజు పెట్టిన పేరు, ఇన్నేళ్ళయినా వదల్లేదు.

సంగతేమిటంటే, మొన్న మంగళవారం నడిమధ్య మీట ఒకటి మూగబోయింది. నొక్కితే తేలిగ్గా కిందికి పోతుంది, చప్పుడుండదు. సాయంత్రం అత్తయ్య నడకకు వెళ్ళినప్పుడు కింద పలక విప్పి టార్చి వేసి చూశాను. మీట వెనక నుంచి ఒక సన్నటి కమ్మీ కిందికి దిగుతుంది కదా, దాని చివరనున్న చిన్న ప్లాస్టిక్ ముక్క రెండుగా విరిగి, కింద పెచ్చులు రాలి ఉన్నాయి. పసుపూ కాదు, గోధుమా కాదు, పాత పళ్ళ రంగు. రాలిన పెచ్చుల్ని కళ్ళజోడు డబ్బాలో పెట్టి పంపుతున్నాను.

నువ్వేమీ కంగారుపడకు. రోజంతా ఫ్రేములు అతికించేవాణ్ణి, ప్లాస్టిక్ గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా జిగురు ఒక్క చుక్క వేస్తే ఏనుగు లాగినా ఊడదు. అయినా పెద్దదానివి, ఆ పనిలో ఉన్నదానివి, ఒక మాట అడగకపోతే బాగుండదని అడుగుతున్నాను. ఇంకొకటి, అత్తయ్యకు చెప్పనా వద్దా? నీ మరదలు చెప్పమంటోంది. నాకు మాత్రం భయంగా ఉంది.

నీ తమ్ముడు

---

జూన్ 9

ఒరేయ్ తమ్ముడూ,

అతికించకు. మొదటి మాటా ఇదే, చివరి మాటా ఇదే. మిగతాది చదివే ఓపిక లేకపోతే ఇంతవరకు చదివి ఉత్తరం మడిచి పెట్టెయ్.

నీ డబ్బా తెరిచేసరికి ఆ పెచ్చులన్నీ పిండైపోయి ఉన్నాయి. టపా బండి కుదుపుకే ఆగలేని దానికి నువ్వు జిగురు పూస్తావా? వీటిని మేం మోచేతులంటాం. అత్తయ్యది పొట్టి పియానో. చోటు చాలక లోపలి యంత్రాన్ని మీటల కిందికి దించేశారు. మీట నొక్కితే దాని వెనక కొస పైకి లేచి కమ్మీని లాగుతుంది, కమ్మీ మోచేతిని లాగుతుంది, మోచేయి లాగితే సుత్తి వెళ్ళి తంత్రిని కొడుతుంది. ఆ మోచేయి విరిగిందా, మీట దారి మీటది, సుత్తి దారి సుత్తిది. ఆ రోజుల్లో ప్లాస్టిక్ కొత్త. చెక్క కంటే ఎక్కువ మన్నుతుందని సంబరపడి పోతపోశారు మహానుభావులు. మీటకొకటి చొప్పున ఎనభై ఎనిమిదీ ఒక్కసారే పుట్టాయి, ఒకే పెట్టెలో ముసలివయ్యాయి. ఒకటి పోయిందంటే మిగతావి దాని వెనక వరస కట్టినట్టే. ఒకదాన్ని అతికించబోతే నీ చెయ్యి తగిలి పక్కది పోతుంది. అన్నీ తీసెయ్యాలి, అన్నీ కొత్తవి వెయ్యాలి. ఇంకో దారి లేదు.

అది నేనే వచ్చి చెయ్యాలి. ఇప్పుడేమో రాలేను. ఇక్కడ సంగీత కాలేజీలో పరీక్షలు జూలై పద్దెనిమిది దాకా ఉన్నాయి, పియానోలన్నీ నా ఒక్కదాని నెత్తినే ఉన్నాయి. నిన్న ఒకదాన్లోంచి దువ్వెన తీశాను. ఎవరిదండీ ఇది అంటే, బట్టతల ప్రొఫెసరు ముందుకొచ్చి తనదన్నాడు. ఇలాంటివాళ్ళ మధ్య బతుకుతున్నాను.

అత్తయ్యకు మాత్రం చెప్పకు. మామయ్య పోయాక ఏడాదిపాటు ఆవిడ మంచం దిగలేదు, గుర్తుందా? పిల్లలకు పాఠాలు మొదలుపెట్టాకే మళ్ళీ మనిషైంది. పియానో పోతోందని తెలిస్తే పాఠాలు మానేస్తుంది, పాఠాలు మానితే మళ్ళీ మంచమెక్కుతుంది. అమ్మా నాన్నా లేకపోతే మనిద్దర్నీ పెంచి ఇంతవాళ్ళను చేసిన మనిషి, ఆవిణ్ణి మళ్ళీ అలా చూడటం నావల్ల కాదు. నేను వచ్చేదాకా నోరూ, ఆ జిగురు సీసా మూతా రెండూ బిగించి ఉంచు.

అక్క

---

జూన్ 14

అక్కా,

నువ్వు తిట్టడానికి ఆరు రోజులు ఆలస్యమైంది. నీ ఉత్తరం వచ్చేసరికే అతికించేశాను. అడిగానే గానీ, నువ్వు వద్దంటావని నాకేం తెలుసు? శుక్రవారం సాయంత్రం ఆవిడ అలా నడకకు వెళ్ళింది, నేను ఇలా పలక విప్పాను. బ్రహ్మాండంగా మోగింది.

సరే, నువ్వన్నట్టే పక్కది విరిగింది. స్క్రూడ్రైవర్ తగిలిందంతే, నేను కావాలని చెయ్యలేదు. అదీ అతికించాను. అది అతికిస్తుంటే దాని పక్కది పోయింది. మొత్తానికి వారంలో ఐదు పోయాయి, ఐదూ మోగుతున్నాయి. నీ పద్ధతిలో అన్నీ మార్చాలట, నా పద్ధతిలో చుక్క జిగురుతో పనైపోయింది. ఎవరిది తెలివో నువ్వే చెప్పు.

అత్తయ్య సంగతి నువ్వు బెంగపెట్టుకోకు. నువ్వు చెప్పినదానికంటే బాగా దాస్తున్నాను. బుధవారం పొద్దున నన్ను పిలిచి, "ఒరేయ్ చిన్నాడా, ఈ మీట మోగట్లేదు చూడు" అంది. నేను ఏం తడబడలేదు. "కొట్టుకు ఆలస్యమైంది, సాయంత్రం చూస్తాను" అన్నాను. ఆవిడ నడకకు వెళ్ళగానే అతికించి, తిరిగొచ్చాక కూర్చోబెట్టి, "ఏ మీటత్తయ్యా? ఇదేనా? శుభ్రంగా మోగుతోందిగా! నీకేదో అలా అనిపించి ఉంటుంది" అన్నాను. తను కూడా నొక్కి చూసింది. మోగింది. ఇంకోసారి నొక్కింది. మూత వేసేసింది. అలా రెండుసార్లు జరిగింది. పిల్లలు వచ్చేది శని, ఆదివారాల్లో కదా, శుక్రవారం నాటికల్లా అన్నీ అతికించి ఉంచుతున్నాను. వాళ్ళ వేళ్ళకింద ఒక్కటి కూడా మొరాయించలేదు. అనుమానం అన్న మాటే లేదు.

నీ మరదలు మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. హాల్లో తివాచీ మీద జిగురు మరక పడిందని కోపం అనుకుంటాను.

నీ (తెలివైన) తమ్ముడు

---

జూన్ 19

తెలివైన తమ్ముడికి,

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని విన్నాను గానీ, ఊడిన నాలుకలు లెక్కపెట్టి మరీ మురిసిపోయేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. ఐదు విరగ్గొట్టి ఐదు అతికించడం బాగుచెయ్యడమా? నీ దగ్గరికి ఒక కన్ను మసకేసిందని వచ్చినవాడికి రెండో కంట్లో పొడిచి, రెండు అద్దాలు అమ్ముతావన్నమాట.

విను. ఆ జిగురు ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి అతుకుతుంది. కొత్త ఫ్రేముకు బాగానే ఉంటుంది. ఎండిపోయి గుల్లబారిన దానికి అతుకు ఒకచోట పడితే పగులు ఇంకోచోట పుడుతుంది. నువ్వు చేసిన ఐదూ నెల తిరక్కుండా ఊడతాయి. అప్పుడు నాకు ఉత్తరం రాయకు, ఏనుగుకు రాసుకో.

అత్తయ్యకు అనుమానం రాకుండా చూశావు, నువ్వు చేసిన మంచి పని అదొక్కటే. ఇంకో నెల అలాగే నెట్టుకురా.

కొత్త మోచేతులు పార్సిల్లో పంపుతున్నాను. నేను మోసుకొచ్చే సామాను ఇప్పటికే ఎక్కువైంది, అందుకని ముందే పంపుతున్నాను, అంతే. నువ్వు వెయ్యమని కాదు. విప్పకు. విప్పితే వెయ్యబుద్ధేస్తుంది, నీ సంగతి నాకు తెలుసు. అత్తయ్య కంట పడకుండా కొట్లో, పై అరలో పెట్టు.

మరదలిది తివాచీ మీద కోపం కాదేమో, ఓసారి అడిగి చూడు. అడగవులే, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అక్క

---

జూన్ 28

అక్కా,

పార్సిల్ విప్పాను. విప్పబట్టి సరిపోయింది. నువ్వు తప్పుడు సరుకు పంపావు! మన పాతవి గట్టిగా, పసుపురంగులో ఉంటాయి. ఇవి తెల్లగా, రబ్బరులా వంగుతున్నాయి. పాతవాటికి పక్కన సన్నటి ఇరుసు ఉంటుంది, వీటికి అదీ లేదు, ఊరికే ఒక నోరు తెరుచుకుని ఉంది. ఎక్కడో పొరపాటు జరిగిందని అర్థమై, నీకు శ్రమ తప్పిద్దామని మర్నాడే మొత్తం తిరుగు టపాలో పంపేశాను. అందగానే సరైనవి పంపించు.

ఇక అసలు విషయం. దీని గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. అత్తయ్య ఎందుకో తేడాగా ఉంటోంది.

అతుకులు ఊడుతున్నాయి, నువ్వన్నది నిజమే. మొదట్లో ఊడినప్పుడల్లా ఆవిడ పిలిచేది, నేను మామూలుగానే సర్దిచెప్పేవాణ్ణి. కానీ పది రోజులుగా పిలవడం మానేసింది. వంటింట్లోకొచ్చి నీ మరదల్ని, "నేను మందు వేసుకున్నానా? వేసుకున్నది నువ్వు చూశావా?" అని అడుగుతోంది. పుస్తకం చదువుతూ మధ్యలో వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెడుతోంది. సోమవారం ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. చీటీ బల్లమీద ఉంటే చూశాను. ఈ వయసుకు ఇంత బాగా వినిపించడం అరుదని రాసిచ్చాడు. "మంచి వార్తే కదత్తయ్యా" అన్నాను. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఏడ్చిన చప్పుడు వినిపించింది అక్కా. చెవులు బాగున్నాయని చెప్తే ఎవరైనా ఏడుస్తారా?

పియానో మూత వేసేసింది. నెలాఖరుతో పాఠాలు ఆపేస్తానని పిల్లల ఇళ్ళకు కబురు పంపింది. నాకు భయమేస్తోంది. వయసు మీద పడింది, మన పెద్దత్తయ్యకు వచ్చినట్టే ఈవిడకూ మతిమరుపు వస్తోందేమో. ఈ పరిస్థితుల్లో పియానో సంగతి అస్సలు చెప్పకూడదని నీ మరదలికి గట్టిగా చెప్పాను. నా వంక చూసి, "మీ అక్కాతమ్ముళ్ళకు దణ్ణం" అంది.

నీ తమ్ముడు

---

జూలై 2

ఒరేయ్,

నీ ఉత్తరం మూడోసారి చదివి రాస్తున్నాను. టపా వేళైంది, అక్షరాలు అర్థం కాకపోతే కూడబలుక్కుని చదువుకో.

ఆవిడ చెవులు బాగున్నాయి. మతీ బాగుంది. మతి లేనిది మనిద్దరికే.

ఆలోచించు. పొద్దున మీట మోగలేదు. నీకు చెప్పింది. సాయంత్రం నువ్వు పక్కన కూర్చుని "మోగుతోందిగా" అన్నావు, నిజంగానే మోగింది. పిల్లలు వాయిస్తే అన్నీ మోగుతున్నాయి. తను ఒక్కర్తీ కూర్చున్నప్పుడే మోగడం లేదు. ఒకసారి కాదు, నెలరోజులు! చెవులు పోతున్నాయేమో అనుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చెవులు పోయుంటే బాగుండునని వెళ్ళిందిరా. చెవులు బాగున్నాయంటే ఇక మిగిలింది ఏమిటి? పెద్దత్తయ్యను చివరి నాలుగేళ్ళు కనిపెట్టుకుని ఉన్నది ఎవరు? అప్పుడే తిన్న అన్నం తినలేదని ఏడ్చిన మనిషిని, సొంత చెల్లెల్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు" అన్న మనిషిని కడదాకా చూసుకున్నది ఈవిడే. ఇప్పుడు తన వంతు వచ్చిందనుకుంటోంది. అందుకే మందు వేసుకున్నానా అని అడుగుతోంది.

చెప్పొద్దన్నది నేను. చెప్పకుండా ఊరుకోక, మోగినదాన్ని చూపించి నీకే అలా అనిపించిందన్నది నువ్వు. అది చదివి కూడా శభాష్ అన్నది మళ్ళీ నేనే. తిలాపాపం తలా పిడికెడు. మంచమెక్కకుండా చూడబోయి మతి పోయిందని నమ్మించాం. ఇంత తెలివితక్కువ పని శత్రువులు కూడా చెయ్యరు.

ఈ ఉత్తరం చదివిన వెంటనే కొట్టు మూసి ఇంటికి వెళ్ళు. ముందు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చో. మొత్తం చెప్పు. విరిగిన ముక్కలు చేతిలో పెట్టు. నా పేరు కూడా చెప్పు, ఆ తిట్లలో సగం నావి. మరదలికి నా తరఫున క్షమాపణ చెప్పు. మొదటి రోజే చెప్పమన్నది ఆ పిల్ల.

పార్సిల్ గురించి ఏం అనను. తిరిగి వచ్చింది. అవే సరైనవి. ఇరుసు మీద నొక్కితే ఆ తెరిచిన నోరే వెళ్ళి కరుచుకుంటుంది, దాని గొప్పే అది. నువ్వు తెలివి వాడావని తెలిసి ఇక్కడ పనివాళ్ళు ఇంకా నవ్వుతున్నారు. నాకు నవ్వు రావడం లేదు.

అక్క

---

జూలై 6

అక్కా,

చెప్పాను. నమ్మలేదు.

నేనేదో సరిగ్గా చెప్పలేదనుకుంటావు. ఒట్టు, అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. కింద కూర్చుని, ఆవిడ మోకాళ్ళు పట్టుకుని, మొదటి మీట దగ్గర్నుంచీ చెప్పాను. జిగురు సంగతి, నీ ఉత్తరాల సంగతి, అన్నీ. ఆవిడ అడ్డు రాకుండా వింది. అంతా అయ్యాక నా తల నిమిరి, "నువ్వు మంచివాడివిరా చిన్నాడా. నన్ను ఊరడించాలని ఎంత కథ అల్లావు! మీ అక్క నేర్పిందా?" అంది.

అతికించేటప్పుడు రాలిన ముక్క ఒకటి చేతిలో పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇది మీ కొట్లో ఫ్రేము ముక్క కదూ" అంది. కాదని మొత్తుకున్నాను. "సరేలే, కాదులే" అంది, చిన్నపిల్లవాడితో అన్నట్టు.

పియానో దగ్గరికి లాక్కెళ్ళాను. మూత తీసి ఈ కొసనుంచి ఆ కొసదాకా అన్ని మీటలూ నొక్కాను. ఒక్కటైనా మూగది దొరక్కపోతుందా అని. అక్కా, ఒక్కటి కూడా దొరకలేదు! నెలరోజులు రోజుకొకటి చొప్పున నా ప్రాణం తీసిన పియానో, ఆ రోజు మాత్రం ఎనభై ఎనిమిదీ గంటల్లా మోగింది. నా జన్మలో మొదటిసారి నా జిగురు నిలబడింది. దాన్ని కసితీరా తన్నబోయాను, మళ్ళీ ఏది విరుగుతుందోనని ఆగాను. అదీ పొరపాటే, తన్ని ఉండాల్సింది.

ఆవిడ మెల్లిగా మూత వేసి, "చూశావా, అన్నీ బాగానే ఉన్నాయి. బాగాలేనిది నేనే. దాచకండిరా, నాకు తెలుసు. అక్కయ్యకూ ఇలాగే మొదలైంది" అంది. ఇంత అబద్ధం నెలరోజులు నమ్మింది, ఇంత నిజం ఒక్క నిమిషం నమ్మలేదు.

ఇంకోటి. పియానోను దగ్గర్లో ఉన్న బడికి ఇచ్చేస్తోంది. వచ్చే ఆదివారం బండి తెస్తారట. తన చీరలు కూడా నీకు కొన్ని, నీ మరదలికి కొన్ని విడదీసి పెట్టింది, గుర్తున్నప్పుడే చేసెయ్యాలంటోంది. నీ మరదలు వంటింట్లో కూర్చుని ఏడుస్తోంది. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. పరీక్షలు నాశనమైపోనీ, నువ్వు వచ్చెయ్.

నీ తమ్ముడు

---

జూలై 9

తమ్ముడూ,

కాలేజీవాళ్ళ కాళ్ళు పట్టుకుంటే పదిహేనున వదులుతామన్నారు. బండి ఆదివారం, అంటే పన్నెండునే వస్తుంది. కాబట్టి నేను వచ్చేలోపు నువ్వే చెయ్యాలి. దేవుడా, ఈ మాట నేను రాస్తానని కలలో కూడా అనుకోలేదు.

ఇక చెప్పకు. చూపించకు కూడా. నువ్వు నొక్కి చూపిస్తే ఆవిడ నమ్మదు. నెలరోజులు నువ్వు నొక్కి చూపించే కదా ఆవిణ్ణి ఇంతదాకా తెచ్చింది. ఆవిడ చేత్తోనే విరగ్గొట్టించు.

అవును, విరగ్గొట్టించు. ఎలాగూ అన్నీ తీసి పారేసేవే. కొత్తవి వేసేటప్పుడు మేం చేసే మొదటి పని అదే, పాతవాటిని పట్టకారుతో నొక్కి పొడి చెయ్యడం. కింద పలక విప్పు. ముందు కమ్మీలు కిందపడకుండా పదేసి చొప్పున దారంతో వరసగా కట్టు. వరస తప్పిందంటే దేనికి ఎంత బిగింపో తేల్చుకుంటూ నేను ఆ హాల్లోనే ముసలిదాన్నైపోతాను. పియానో పక్కన పొట్టి పీట వేసి అత్తయ్యను కూర్చోబెట్టు. రానంటుంది. "నీ మేనకోడలు కింద ఏముందో నిన్ను చూసి రాయమంది, నా చూపు మీద దానికి నమ్మకం లేదు" అని చెప్పు. నీ మీద చెప్పే చాడీ ఏదైనా ఆవిడ నమ్ముతుంది.

టార్చి ఆవిడ చేతికే ఇవ్వు. నువ్వు పైన ఒక్క మీట కూడా ముట్టుకోకు. ఎడంచెయ్యి పైకి చాచి ఆవిణ్ణే ఒక మీట నొక్కమను, కింద ఏ మోచేయి కదులుతోందో ఆవిణ్ణే చూడమను. దాన్ని కుడిచేతి వేళ్ళతో గట్టిగా పట్టుకుని, మళ్ళీ నొక్కమను. ఏది ఎంచుకోవాలో కూడా నువ్వు చెప్పకు. ఏది పట్టుకున్నా విరుగుతుంది. ఆ తర్వాత నోరు మూసుకుని పక్కకు తప్పుకో.

ఇది కూడా పని చెయ్యకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఎవరికీ చెప్పకు, నాకు చాలా భయంగా ఉంది.

అక్క

---

జూలై 13

సుత్తీ,

ఈసారి రాస్తున్నది మీ తమ్ముడు కాదు, నేను. వాడు ఎదురుగా కూర్చుని, నేనేం రాస్తున్నానో మెడ చాచి చూస్తున్నాడు. చూడనీ.

ఆదివారం పొద్దున వాడొచ్చి, నీకు వాడి చూపు మీద నమ్మకం లేదని చెప్పాడు. నిజమేననిపించింది. కింద కూర్చున్నాను. ఈ మోకాళ్ళతో కింద కూర్చోవడమంటే ఏమిటో నీకు ఇంకో ఇరవై ఏళ్ళకు తెలుస్తుంది. టార్చి వేసుకుని, పైన మీట నొక్కాను. లోపల ఒక చిన్న ముక్క కదిలింది. పట్టుకుని మళ్ళీ నొక్కాను. టిక్కుమంది. ముక్క నా వేళ్ళలో ఉంది, పైన మీట తేలిపోయింది. సుత్తీ, ఆ తేలిక నాకు తెలుసు. నెలరోజులుగా నా వేలికింద అలాగే తేలిపోతోంది. అది నా వేలిలో లోపమనుకున్నాను, ఆ తర్వాత చెవిలోననుకున్నాను, ఆఖరికి ఇంకెక్కడో అనుకున్నాను. పక్కది పట్టుకున్నాను, అదీ విరిగింది. దాని పక్కదీ విరిగింది. అక్కడే, నేలమీదే కూర్చుని పెద్దగా ఏడ్చాను. వీడు పరుగెత్తుకొచ్చి, "దెబ్బ తగిలిందా అత్తయ్యా" అంటాడు. తగల్లేదురా, పట్టకారు ఇలా తే అన్నాను.

ఎనభై ఎనిమిదీ నేనే పగలగొట్టాను. తలా ఒకటి చొప్పున, ఇది మేనల్లుడికి, ఇది మేనకోడలికి అనుకుంటూ పగలగొట్టాను. ఇంత సుఖంగా నేను ఏ రాగమూ వాయించలేదు. మధ్యలో బడివాళ్ళు బండి తెచ్చారు. జుట్టు నిండా దుమ్ముతో, చేతిలో పట్టకారుతో ఉన్న నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. పియానో ఇవ్వను, వెళ్ళండి అన్నాను. వాళ్ళు బండి తిప్పుకుని వెళ్ళిపోయారు.

కోడలు కాఫీ తెచ్చింది. ఈ ఇంట్లో బుర్ర ఉన్నది దానికొక్కదానికే. మొదటి రోజునుంచీ చెప్పెయ్యమని పోరుతోందట. వీడు అక్క మాట జవదాటనన్నాడట. చిన్నప్పుడు కూడా అంతే, నువ్వు బావిలో దూకమంటే చెప్పులు విప్పి సిద్ధమయ్యేవాడు. చీరలు మళ్ళీ బీరువాలో సర్దేశాను. ఆకుపచ్చదాని మీద ఆశలు పెట్టుకోకు. పిల్లల ఇళ్ళకు కూడా కబురు పంపాను, నెలాఖరునుంచి రమ్మని.

ఇప్పుడు నీ మీద కోపం సంగతి. నేను మంచమెక్కుతానని భయపడ్డావట. ఎక్కితే ఎక్కుతాను, మళ్ళీ దిగుతాను. ఒకసారి దిగలేదా? మామయ్య పోతే ఏడాది పట్టింది, పియానో పోతే ఓ వారం పట్టేది. కానీ ఈ నెలరోజులు నేనెలా బతికానో మీకు తెలియదు. మీ పేర్లు మర్చిపోతానేమోనని రోజూ పొద్దున లేవగానే మీ ఇద్దరి పేర్లు అనుకునేదాన్ని, గుర్తున్నాయని తేలాక అప్పుడు మంచం దిగేదాన్ని. మీరేమో నన్ను కాపాడుతున్నామని ఉత్తరాలు రాసుకుంటున్నారు. చేతికి దొరికితే ఇద్దర్నీ ఒకే తాడుతో కట్టి కొట్టేదాన్ని.

సరే, అదయిపోయింది. ఒక్క మాట మాత్రం ఇద్దరూ వినండి. ఈసారి పోయింది ప్లాస్టిక్. నా వయసు మీకు తెలుసు, మా అక్కయ్య సంగతీ మీకు తెలుసు. నిజంగానే నా మతి సడలే రోజు రాదని నేను చెప్పలేను. ఆ రోజు వస్తే అది ముందుగా కనిపించేది మీకే. అప్పుడు మీలో మీరు ఉత్తరాలు రాసుకోకండి. నా పక్కన కూర్చుని, అన్నీ బాగానే ఉన్నాయని చెప్పకండి. నా చెయ్యి పట్టుకుని, "అత్తయ్యా, నువ్వు ఈ మాట ఇందాకే అడిగావు" అని చెప్పండి. నేను ఏడిస్తే ఏడుస్తాను. మర్నాడు మర్చిపోతే, మర్నాడు కూడా చెప్పండి. మీరిద్దరూ ఏం చెబితే అదే నిజమనుకుని బతకాల్సిన రోజులవి, అప్పటికి నాకు మీ మాట మీద నమ్మకం మిగలాలి. వీడి చేత ఇప్పుడే ఒట్టు వేయించుకున్నాను. నువ్వు వచ్చి నా ఎదురుగా వేసి, ఆ తర్వాత పెట్టె విప్పు.

అత్తయ్య